విలన్ నోరు కనబడాలి

అందరికీ నమస్కారం.

కామిక్ సినిమాల దుస్తులంటే ఎవరైనా హీరో సూటుతో మొదలుపెడతారు. నేను ఈ రోజు విలన్ల దగ్గరే ఉంటాను. ఎందుకంటే బొమ్మల పుస్తకంలోంచి తెరమీదికి రావడంలో హీరోకి లేని చిక్కు ఒకటి విలన్‌కి ఉంది. హీరో ముసుగు వేసుకుని గెంతితే చాలు. మనసు విప్పి మాట్లాడాల్సినప్పుడు ముసుగు తీసేసి, స్పైడర్‌మ్యాన్ అయితే పీటర్ పార్కర్, బ్యాట్‌మ్యాన్ అయితే బ్రూస్ వేన్ అయిపోతాడు. విలన్‌కి ఆ వెసులుబాటు తక్కువ. వేషంలో ఉండగానే బెదిరించాలి, ఆశ పెట్టాలి, తన బాధ చెప్పుకోవాలి, నవ్వాలి. అతని మొహం మొత్తం కప్పేశామంటే, డబ్బిచ్చి తెచ్చుకున్న నటుణ్ణి మనమే దాచేసినట్టు.

గ్రీన్ గాబ్లిన్‌ని తీసుకోండి. 1964లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో స్పైడర్‌మ్యాన్ కథల్లోకి తెచ్చిన విలన్. ఆకుపచ్చ మొహం, కోసుగా ఉండే చెవులు, ఊదారంగు టోపీ, ఊదారంగు చొక్కా, బాంబులు పెట్టుకోడానికి భుజాన ఒక సంచి. కథ ప్రకారం ఆ మొహం రబ్బరు ముసుగే. కానీ డిట్కో గీసినప్పుడు ఆ రబ్బరు ఇకిలిస్తుంది, పళ్లు నూరుతుంది, కనుబొమలు ఎగరేస్తుంది. కాగితం మీద రబ్బరైనా చర్మమైనా సిరాయే కదా, ఎవరూ అడగరు. కెమెరా ముందు ఆ పప్పులు ఉడకవు.

2002లో సామ్ రైమీ స్పైడర్‌మ్యాన్ సినిమా తీసేటప్పుడు ఈ సంగతి వాళ్లకీ తెలుసు. అమాల్గమేటెడ్ డైనమిక్స్ అనే సంస్థ కండరాల్లా కదిలే యాంత్రిక ముసుగు ఒకటి తయారుచేసింది. దాని పరీక్ష వీడియో ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. చివరికి సినిమాలోకి వెళ్లింది మాత్రం అది కాదు. సైన్యం కోసం తయారైన ఫ్లైట్ సూటు అన్న కారణం చెప్పి, ఆకుపచ్చ లోహపు కవచం, దానికి తగ్గ గట్టి ముసుగు పెట్టారు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంటుంది. ఇంటి మేడమీద గాబ్లిన్, స్పైడర్‌మ్యాన్ కూర్చుని మాట్లాడుకునే సన్నివేశం ఒకటుంది. రెండు ముసుగులు, కదలని రెండు మొహాలు. పాపం గాబ్లిన్ వేషం వేసిన విలెమ్ డఫో తల ఊపుతూ, భుజాలు కదుపుతూ, గొంతుతోనే అంతా లాక్కొస్తాడు.

అదే సినిమాలో అద్దం సన్నివేశం చూడండి. గాబ్లిన్ ముసుగు వెనకున్న అసలు మనిషి నార్మన్ ఆస్బోర్న్ తన ఇంట్లో, మామూలు బట్టల్లో, అద్దంలో ఉన్న గాబ్లిన్‌తో మాట్లాడతాడు. కవచం లేదు, ముసుగు లేదు. ఒకే మనిషి, రెండు మొహాలు. నా మటుకు నాకు ఆ సినిమాలో గాబ్లిన్ నిజంగా కనబడింది అక్కడే. 2021లో డఫో మళ్లీ అదే పాత్రతో వచ్చినప్పుడు కథ ఇంకా వేడెక్కకముందే ఒక సందులో ఆ ముసుగుని నేలకేసి పగలగొట్టేస్తాడు. ఆ తర్వాత కవచం మీద చిరిగిన ఊదారంగు ముసుగుబట్ట కప్పుకుంటాడు. దాంతో కామిక్‌లోని ఊదారంగు టోపీ, చొక్కా వెనక్కి వచ్చాయి, మొహం బయటికొచ్చింది. పందొమ్మిదేళ్లు పట్టింది, అది వేరే సంగతి.

ఇక్కడ రంగుల గురించి ఒక మాట చెప్పాలి. గాబ్లిన్ ఆకుపచ్చ, ఊదా. బ్యాట్‌మ్యాన్ కథల్లోని విలన్ జోకర్ ఊదా, ఆకుపచ్చ. రిడ్లర్, మిస్టీరియో, లెక్స్ లూథర్, అందరిదీ అదే వరస. అప్పట్లో కామిక్స్ చవక కాగితం మీద నాలుగు రంగుల సిరాతో అచ్చయ్యేవి. ముదురు ఎరుపు, నీలం, పసుపు హీరోలకు వెళ్లిపోయాయి. సూపర్‌మ్యాన్‌ని, కెప్టెన్ అమెరికాని తలుచుకోండి. విలన్ ఆ గుంపులో కలిసిపోకుండా కనబడాలంటే మిగిలినవి ఆకుపచ్చ, ఊదా, నారింజ. అగ్గిపెట్టె అంత గడిలో, చూసీ చూడగానే వీడు వాడే అని తెలియాలి. పుస్తకంలో వేషం చేసే మొదటి పని అది. తెరమీద ఆ పని అక్కర్లేదు, మొహం అరవై అడుగులు ఉంటుంది. కాబట్టి పేజీ మీద ఉన్న ప్రతిదీ మోసుకురానక్కర్లేదు. ఏ ఒక్కటి తీసేస్తే ఆ మనిషి ఆ మనిషి కాకుండా పోతాడో, అది పట్టుకోవాలి.

అది బాగా పట్టుకున్న వేషం నా లెక్కలో వల్చర్, అంటే రాబందు, స్పైడర్‌మ్యాన్‌కి ఇంకో విలన్. డిట్కో గీసిన వల్చర్ బట్టతల ముసలాయన. ఒంటికి అతుక్కున్న ఆకుపచ్చ బట్టలు, రెక్కలు, మెడ చుట్టూ తెల్లటి ఈకల పట్టీ. దాన్ని ఉన్నదున్నట్టు కుట్టిస్తే హాల్లో నవ్వుతారు. 2017 సినిమాలో మైకేల్ కీటన్ శిథిలాలు ఎత్తే కాంట్రాక్టరు. యంత్రపు రెక్కలు కట్టుకుంటాడు, పైలట్లు వేసుకునే తోలు జాకెట్ వేసుకుంటాడు. ఆ జాకెట్‌కి బొచ్చు కాలర్ ఉంటుంది. ఆ కాలరే పాత ఈకల పట్టీ! పైకి ఎగిరేవాడికి చలి, చలికి బొచ్చు కాలర్. తెలిసినవాడికి రాబందు మెడ కనిపిస్తుంది, తెలియనివాడికి జాకెట్ కనిపిస్తుంది. ఇద్దరికీ లోటు లేదు. ఈ సినిమాలో హెల్మెట్ తీసేసి కారులో కూర్చుని, వెనక సీట్లో ఉన్న కుర్రాడితో మాట్లాడే సన్నివేశంలో కీటన్ ఎంత భయపెడతాడో మీరు చూసే ఉంటారు.

వీపున నాలుగు యాంత్రిక చేతులుండే స్పైడర్‌మ్యాన్ విలన్ డాక్టర్ ఆక్టోపస్ సంగతి ఇంకా సులువు. 2004 సినిమాలో కామిక్‌లోని ఆకుపచ్చ బిగుతు బట్టలు వదిలేసి పొడుగు కోటు వేశారు. నాలుగు చేతుల్ని చాలా షాట్లలో నిజంగా తయారుచేసి, తోలుబొమ్మల్లా మనుషులే ఆడించారు. ఆల్ఫ్రెడ్ మొలీనా మొహాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

వేషంలో ప్రతిదానికీ కారణం చెప్పాలన్న తపన ముదిరినా ప్రమాదమే. 2000లో ఎక్స్‌మెన్ అనే హీరోల గుంపు సినిమా వచ్చినప్పుడు అందరికీ నల్ల తోలు తొడిగేసి, పసుపు బట్టల మీద ఒక జోక్ కూడా వేయించారు. ఆ గుంపులోని వుల్వరిన్ 2024లో పసుపు సూటు తొడుక్కుంటే హాళ్లలో ఈలలు వేశారు. సిగ్గుపడి మార్చినదాన్ని ప్రేక్షకుడు ఇట్టే కనిపెడతాడు.

2012 బ్యాట్‌మ్యాన్ సినిమాలో విలన్ బేన్ ముసుగుకి కూడా గట్టి కారణమే ఇచ్చారు. కామిక్‌లో మెక్సికో కుస్తీ ముసుగు, ఒంట్లోకి బలమిచ్చే మందు పంపే గొట్టం. సినిమాలో నొప్పి తెలియకుండా చేసే మందు పీల్చే యంత్రం. తర్కం బాగానే ఉంది, కానీ మూతపడింది సరిగ్గా నోరు. విడుదలకి ముందు మొదటి కొన్ని నిమిషాలు చూపించినప్పుడు బేన్ ఏమంటున్నాడో అర్థం కావట్లేదని జనం గొడవ చేశారు. తర్వాత విడుదలైన సినిమాలో గొంతు స్పష్టంగా వినబడింది, కాకపోతే ఎక్కడినుంచో విడిగా వస్తున్నట్టుంటుంది. టామ్ హార్డీ కళ్లతో, నుదుటితో చేయగలిగినంతా చేశాడు. మన డబ్బింగ్ వాళ్లకి మాత్రం ఇలాంటి విలన్ వరం, పెదాలు కలపాల్సిన పని లేదు.

ఇప్పుడు జోకర్. నిజానికి ఇతను సినిమాలోంచి కామిక్‌లోకి వెళ్లి మళ్లీ సినిమాకి వచ్చినవాడు. 1940లో పుట్టిన ఈ పాత్రను ఎవరు ఎంత ఊహించారన్న దానిమీద బాబ్ కేన్, బిల్ ఫింగర్, జెర్రీ రాబిన్సన్ చెప్పిన మాటలు కలవవు. కానీ 1928 నాటి ఒక మూకీ సినిమాలో కాన్రాడ్ వైట్ నవ్వు మొహమే దానికి నమూనా అన్నది తెలిసిన విషయం. వైట్ ఆ నవ్వు కోసం పెదవుల మూలల్ని వెనక్కి లాగి పట్టే కట్టుడు పళ్లు పెట్టుకున్నాడు. వాటితో మాట్లాడటం కుదరదు. మూకీ కాబట్టి సరిపోయింది. టాకీలో వచ్చిన ప్రతి జోకర్‌కీ ఉన్న లెక్క ఇదే: ఆ నవ్వు ఉండాలి, నోరు ఆడాలి.

1966 టీవీ సీరియల్‌లో సీజర్ రొమెరో తన మీసం తీయనన్నాడు. దానిమీదే తెల్లరంగు పూసేశారు. దగ్గరి షాట్‌లో చూస్తే మీసం కనబడుతూనే ఉంటుంది, అయినా ఆయన ఎంత హాయిగా నవ్వుతాడో! 1989లో జాక్ నికల్సన్‌కి నవ్వుని మొహానికి అతికించారు. 2008లో హీత్ లెజర్ దగ్గరికొచ్చేసరికి నవ్వు బుగ్గల మీద గాటు అయ్యింది, పెదవులు వాటి పని అవి చేసుకున్నాయి. మేకప్ చేసిన జాన్ కాగ్లియోన్ రంగు పూస్తుంటే లెజర్ మొహం ముడతలు పడేలా బిగించేవాడట. వదలగానే ఆ ముడతల్లో రంగు పగుళ్లు తేలేవి. రంగు ఆ మొహం కదలికతోనే తయారైంది. ఊదా కోటు, ఆకుపచ్చ వెయిస్ట్‌కోటు పాతవే, కాకపోతే మురికిపట్టినవి.

ఈ కాగ్లియోనే 1990లో, వార్తాపత్రిక బొమ్మల కథలోంచి వచ్చిన డిటెక్టివ్ సినిమా డిక్ ట్రేసీకి పనిచేసి, డగ్ డ్రెక్స్‌లర్‌తో కలిసి ఆస్కార్ అందుకున్నాడు. అక్కడ పూర్తిగా ఎదురు దారి. దర్శకుడు వారెన్ బీటీ విలన్లని లోకానికి తగ్గట్టు తగ్గించలేదు, లోకాన్నే వార్తాపత్రిక బొమ్మలా మార్చేశాడు. వీధులు, కార్లు, కోట్లు అన్నీ గుప్పెడు గాఢమైన రంగుల్లోనే. అలాంటి ఊళ్లో వికారమైన రబ్బరు మొహాల గూండాలు తిరిగినా వింతగా ఉండదు. అందరూ ఆ దారి పట్టలేరు, సెట్టు మొత్తం మీ చేతిలో ఉండాలి.

అవెంజర్స్ సినిమాల విలన్ థానోస్ దగ్గర దుస్తులవాళ్ల పని దాదాపు కంప్యూటర్‌లోకి వెళ్లిపోయింది. జాష్ బ్రోలిన్ తలకి కెమెరాలు కట్టి, అతని మొహం కదలికల్ని తీసుకున్నారు. గమనించండి, 2018 సినిమా మొదట్లోనే బంగారు కవచం తీసి పక్కన పెట్టేస్తాడు. కామిక్‌లో అతను చివరికి వ్యవసాయం చేసుకుంటూ, కవచాన్ని పొలంలో దిష్టిబొమ్మకి తగిలిస్తాడు. తర్వాతి సినిమాలో ఆ దిష్టిబొమ్మని కూడా పెట్టారు. అభిమానికి కవచం దక్కింది, నటుడికి మొహం దక్కింది.

ఇంతవరకూ మొహం కప్పొద్దంటున్నాను కదా, మీలో ఎవరో కాలిన్ ఫారెల్ సంగతేంటని అడగబోతున్నారు. అడగాల్సిందే. 2022 బ్యాట్‌మ్యాన్ సినిమాలో, 2024 సీరియల్‌లో పెంగ్విన్ అనే విలన్‌గా అతన్ని గుర్తుపట్టడం కష్టం. మైక్ మరీనో చేసిన ముక్కు, బుగ్గలు, మచ్చలు, ఒంటికి లావు. మొహం దాదాపు మొత్తం కప్పేశారు. కానీ అది వల్చర్ హెల్మెట్ లాంటిది కాదు. సిలికాన్ ముక్కలు అంచుల దగ్గర పల్చగా ఉండి, కింద కండరం కదిలితే పైన కదులుతాయి. కళ్ల చుట్టూ, పెదవుల దగ్గర ఎంత తక్కువ పెట్టారో తర్వాత ఆగి చూడండి. ఆ వేషానికే ఫారెల్ 2025లో గోల్డెన్ గ్లోబ్ అవార్డు తీసుకున్నాడు. కామిక్‌లోంచి వాళ్లు తీసేసింది మొనాకిల్ అనే ఒంటికంటి అద్దం, టాప్ హ్యాటు, గొడుగు. ఉంచింది నడక.

రెండు నిమిషాలు లైట్లు ఆపి, ఇందాక చెప్పిన అద్దం సన్నివేశం, మేడమీది సన్నివేశం పక్కపక్కన వేస్తాను. సౌండ్ లేకుండా చూడండి. తర్వాత ప్రశ్నలు తీసుకుందాం.