వెయ్యి డాలర్ల మాత్ర

(ప్రపంచ హెపటైటిస్ దినం సందర్భంగా చెన్నైలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

కార్యదర్శిగారు నన్ను పిలిచింది లివర్ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని. ఆకుకూరలు తినండి, తాగుడు మానండి అని చెప్పి కూర్చుంటే మీకూ సుఖం, నాకూ సుఖం. కానీ నేను డాక్టర్ని కాను. ఈ ఊళ్లో చాలాకాలం మందుల షాపు నడిపినవాణ్ని. నాకు బాగా తెలిసింది మందు ధర. అందుకని ఇవాళ డబ్బు గురించే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. హెపటైటిస్ సి అంటే లివర్‌ను దెబ్బతీసే వైరస్ జబ్బు, రక్తం ద్వారా అంటుకుంటుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడడం, శుభ్రత సరిగా లేని డయాలసిస్, పరీక్ష చేయకుండా ఎక్కించిన రక్తం. మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి చేసింది 2001లో. వైరస్ ఒంట్లో చేరాక ఇరవై, ముప్పై ఏళ్లు ఏ చప్పుడూ చేయకపోవచ్చు. కడుపులో నీరు చేరి, కళ్లు పచ్చబడేసరికి లివర్ గట్టిపడిపోయి ఉంటుంది. మనవాళ్లు కామెర్లనగానే పసరు మందుకు బయల్దేరతారు, అక్కడ ఇంకో రెండు నెలలు పోతాయి. దీనికి టీకా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 55 లక్షల మందికి ఈ వైరస్ ఉంది.

మొదట్లో దీనికి ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు, వాటితోపాటు రైబావిరిన్ మాత్రలు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా సాగేది వైద్యం. సూది పడిన రాత్రి చలిజ్వరం. జుట్టు ఊడేది, అన్నం సహించేది కాదు, కొందరు దిగులులో పడి ఎవరితోనూ మాట్లాడేవాళ్లు కాదు. ఇంత పడ్డా నయమయ్యేది అటూ ఇటుగా సగం మందికి. నెల్లూరు, గూడూరుల నుంచి పొద్దున బండికి వచ్చేవాళ్లు థర్మాస్ ఫ్లాస్కు వెంట తెచ్చుకునేవాళ్లు. ఇంజక్షన్ చల్లగా ఉండాలి కదా. ఫ్లాస్కులో ఐసు ముక్కలు మేమే వేసి, మందు తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చేవాళ్లం. డబ్బు మాత్రం చీర కొంగు ముడిలోంచో, బ్యాంకు లోను కవరులోంచో వచ్చేది.

అలాంటి రోజుల్లో, 2013 డిసెంబరులో, అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి వచ్చింది. రోజుకొక మాత్ర. ఇంకో మందుతో కలిపి చాలామందికి పన్నెండు వారాలే. తర్వాత వచ్చిన జంట మందులతో నూటికి తొంభై అయిదు మందికి వైరస్ పూర్తిగా పోతుంది. పోతుందంటే అణగడం కాదు, నిజంగానే పోతుంది. నా వృత్తి జీవితంలో ఇంత గొప్ప మందును నేను చూడలేదు. ముందు ఆ మాట ఒప్పుకోవాలి.

కాలిఫోర్నియాలోని గిలియడ్ కంపెనీ దానికి పెట్టిన ధర మాత్రకు 1,000 డాలర్లు. పన్నెండు వారాలకు 84,000. అప్పటి మారకంలో 50 లక్షల రూపాయలకు పైమాటే. మరుసటి ఏడు దాన్నే ఇంకో మందుతో కలిపిన మాత్ర హార్వోనీ వచ్చింది, 94,500 డాలర్లకు.

ఎందుకింత అంటే పరిశోధన ఖర్చు అంటారు. సరే, ఆ లెక్కే చూద్దాం. ఈ మందును గిలియడ్ కనిపెట్టలేదు. ఫార్మాసెట్ అనే చిన్న కంపెనీ కనిపెట్టింది. ఆ కంపెనీని గిలియడ్ సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొనేసింది. 2014, 2015, ఈ రెండేళ్లలోనే హెపటైటిస్ సి మందుల మీద గిలియడ్ అమ్మకాలు 3,000 కోట్ల డాలర్లు దాటాయి. ఫార్మాసెట్ స్థాపకుల్లో ఒకరైన రేమండ్ షినాజీ ఎమొరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల శాఖలో కూడా పనిచేసినవాడు. ఆ మాజీ సైనికుల్లో ఈ జబ్బు ఎక్కువ. చివరికి అదే శాఖ 2015లో ఈ మందు బిల్లులు కట్టలేక బడ్జెట్ కోసం వెతుక్కోవలసి వచ్చింది!

ఇక తయారీ ఖర్చా? లివర్‌పూల్ విశ్వవిద్యాలయం నుంచి ఆండ్రూ హిల్ బృందం 2014లో అంచనా కట్టింది. పన్నెండు వారాల మందు తయారీకి 68 నుంచి 136 డాలర్లు.

అప్పుడు ఇంకో వాదం తెస్తారు. లివర్ మార్పిడికి ఇంతకంటే ఎక్కువ అవుతుంది కదా, దాంతో పోలిస్తే మా మందు చవకే అని. బావిలో పడ్డవాడికి తాడు అమ్ముతూ, నీ ప్రాణం ఖరీదెంతో చెప్పు, దాన్ని బట్టి తాడు ధర చెబుతానన్నట్టుంది ఈ లెక్క. అమెరికా సెనేట్ ఆర్థిక సంఘంలో రెండు పార్టీలకూ చెందిన సభ్యులు వైడెన్, గ్రాస్లీ పద్దెనిమిది నెలలు విచారించి 2015 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. కంపెనీ లోపలి కాగితాలు వేల పేజీలు చదివి వాళ్లు తేల్చింది ఏమిటంటే, ఎక్కువ ధర పెడితే తక్కువ మందికే మందు అందుతుందని తెలిసీ, ఆదాయం పెంచుకోవడానికే ఆ ధర పెట్టారని. అక్కడి పేదల వైద్య పథకంలో చాలా రాష్ట్రాలు, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకే మందు ఇస్తామని గీత గీశాయి. అంటే జబ్బు ముదిరాక రమ్మన్నమాట.

2018లో అమెరికా బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ విశ్లేషకులు ఒక నివేదికలో సూటిగానే అడిగారు, రోగిని నయం చేయడం నిలకడగా సాగే వ్యాపారమేనా అని. ఉదాహరణగా చూపింది ఈ మందునే. నయమైనవాడు మళ్లీ కొనడు, ఇంకొకరికి అంటించడు, దాంతో గిరాకీ తగ్గిపోతుందని వాళ్ల దిగులు. నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను, పొరపాటుగా అర్థం చేసుకున్నానేమోనని.

ఇప్పుడు మన వైపు వద్దాం. 2014 సెప్టెంబరులో గిలియడ్ కొన్ని భారత కంపెనీలతో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. మీరు చేసుకోండి, 91 దేశాల్లో అమ్ముకోండి, మాకు 7 శాతం రాయల్టీ ఇవ్వండి అని. వినడానికి దానంలా ఉంటుంది. ఆ జాబితాలో అప్పుడు లేని దేశాలు చూడండి: చైనా, బ్రెజిల్, థాయ్‌లాండ్. కొద్దో గొప్పో డబ్బున్న, రోగులు ఎక్కువున్న దేశాలు చాలావరకు బయటే. 2015 జనవరిలో మన పేటెంట్ ఆఫీసు ఢిల్లీలో ఈ మందు మీద పేటెంట్, అంటే గుత్త హక్కు, కోసం గిలియడ్ పెట్టిన దరఖాస్తు ఒకదాన్ని తిరస్కరించింది. ఆ నెలాఖరుకే ఢిల్లీ హైకోర్టు మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. 2016 మేలో పేటెంట్ ఇచ్చేశారు. అంతకుముందు అభ్యంతరం వేసిన నాట్కో కూడా 2015 మార్చిలో లైసెన్సు పుచ్చుకుంది.

నాట్కో, హెటిరో మన హైదరాబాదువే అని మీసం మెలేసేవాళ్లు ఈ సభలో ఉంటారు, నేనూ ఒకణ్ని. కానీ చవకగా చేయగలిగిన చేతులు మనవే అయినా, ఎవరికి అమ్మాలో ఆ గీత గీసింది మాత్రం కాలిఫోర్నియాలో. ఇది మరిచిపోకూడదు.

నాట్కోవారు ఇదే మందును హెప్సినాట్ పేరుతో తెచ్చినప్పుడు 28 మాత్రల తెల్ల డబ్బా మీద అచ్చయిన ధర 19,900 రూపాయలు. మూడు డబ్బాలకు అరవై వేలలోపు. అది అట్ట మీది ధర. పోటీగా ఇంకో నాలుగు కంపెనీల సరుకు వచ్చేసరికి స్టాకిస్టులే ఫోన్ చేసి తగ్గింపు ఇస్తామనేవాళ్లు. ధర దించడానికి ఎవరూ ధర్నా చేయలేదు. తయారు చేసేవాళ్లు ఎక్కువైతే చాలు, ధర తనంతట తనే దిగింది.

2015 మేలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా నుంచి ఒక రోగి ఈ మందు కోసమే మన చెన్నైకి విమానమెక్కి వచ్చాడు. తన దేశంలో ఆ మందు ప్రభుత్వ పథకంలోకి వచ్చింది 2016 మార్చిలో. అంతదాకా లివర్ ఆగాలి కదా. ఆయన తన ప్రయాణమంతా రాసి పెడితే దేశదేశాల రోగులు చదివారు. ఆ తర్వాత మా కౌంటర్ దగ్గర కూడా విదేశీయులు కనిపించేవాళ్లు. ఇక్కడి డాక్టర్ చీటీ చేతిలో పెట్టి, డబ్బా సీలు గోటితో గీకి చూసి, బ్యాచ్ నంబరు కాగితం మీద రాసుకునేవాళ్లు. అరవై వేలంటే మన ఊరి మనిషికి కొండ. వాళ్లు మాత్రం, ఇంతేనా, ఇంకేమైనా కట్టాలా అని అడిగేవాళ్లు.

చెన్నైకి ఈ కథలో ఇంకో చోటుంది. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ మీద నోవార్టిస్ కంపెనీ 1998లో దరఖాస్తు పెట్టింది మద్రాసు పేటెంట్ ఆఫీసులోనే. ఇవాళ గిండీలో ఉన్న ఆఫీసు అది. పాత మందుకే కొత్త స్ఫటిక రూపం చూపిస్తే, అది రోగి మీద అంతకుముందుకంటే బాగా పనిచేస్తుందని నిరూపించాలి అంటుంది మన చట్టంలోని సెక్షన్ 3(డి). ముంబైకి చెందిన క్యాన్సర్ రోగుల సంఘం, నాట్కో వంటి కంపెనీలు అభ్యంతరం పెట్టాయి. 2006 జనవరిలో దరఖాస్తు కొట్టేశారు. ఆ సెక్షనే చెల్లదని నోవార్టిస్ మద్రాసు హైకోర్టుకు వెళితే 2007లో అక్కడా ఓడింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంట్ లేదని చివరి మాట చెప్పింది. నెలకు లక్ష దాటే మందు, పోటీ ఉన్నందువల్ల పదివేల లోపు దొరికేది.

ఇక్కడ గమనించవలసింది ఒకటే. పేటెంట్ ఇవ్వకముందే అభ్యంతరం చెప్పే హక్కు మన చట్టంలో ఎవరికైనా ఉంది. కంపెనీయే కానక్కర్లేదు. రోగుల సంఘం చాలు, మీరూ నేనూ చాలు. మందు ధర నిజంగా తేలేది అక్కడే, ఆ టేబుల్ మీద. షాపులో కాదు. 2024 మార్చిలో వచ్చిన సవరణ నిబంధనలు ఈ తలుపునే కాస్త దగ్గరగా వేశాయి. అభ్యంతరానికి ఇప్పుడు ఫీజు కట్టాలి. అది విచారణకు తగినదా కాదా అని ముందు పేటెంట్ ఆఫీసు అధికారి, కంట్రోలరే తేలుస్తాడు. పెద్ద కంపెనీలకు ఆ ఫీజు లెక్కలోకి రాదు. చందాలతో నడిచే సంఘానికి అది లెక్కే. పత్రికల్లో ఇది ఏ మూలో వచ్చి పోయింది.

పాత కథ తవ్వుతున్నాడు అనుకోకండి. హెచ్‌ఐవీ రాకుండా ఆరు నెలలకొక ఇంజక్షన్, లెనకాపవిర్, అదీ గిలియడ్‌దే. అమెరికాలో ఏడాదికి 28,000 డాలర్లు దాటుతుంది. 2024 అక్టోబరులో ఆరు కంపెనీలకు 120 దేశాల కోసం లైసెన్సు ఇచ్చారు. అందులో హెటిరో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు ఇస్తామని 2025లో ఆ రెండూ ప్రకటించాయి. జాబితాలో బ్రెజిల్ ఈసారీ లేదు. ఆ మందును పరీక్షించడానికి ఒళ్లిచ్చిన వాళ్లలో బ్రెజిల్ మనుషులూ ఉన్నారు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. వెళ్లేముందు పనికొచ్చే మాట ఒకటి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెపటైటిస్ సి పరీక్ష, మందు రెండూ ఉచితం. 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, ఒకే సూదితో ఊరందరికీ ఇంజక్షన్ వేసే ఆర్‌ఎంపీ దగ్గర పెరిగినవాళ్లు ఒకసారి చేయించుకోండి. మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే కంగారు పడకండి, అది యాంటీబాడీ పరీక్ష. వైరస్ ఇప్పుడు ఉందో లేదో చెప్పేది రెండో పరీక్ష, వైరల్ లోడ్. అది కూడా అడిగి చేయించుకోండి. మందుల పేర్లు, ధరలు అడగాలనుకున్నవాళ్లు కాఫీ దగ్గర పట్టుకోండి, ఉంటాను.