గొలుసును కాదు, గేటును నమ్ముకోండి

పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఆదివారం పొద్దున పనులన్నీ పక్కన పెట్టి ఈ కమ్యూనిటీ హాలుకు వచ్చారు. ఇంట్లో కుక్క లేకపోయినా వచ్చి కూర్చున్నవాళ్లున్నారు, వాళ్లకు మరీ సంతోషం. మొన్న మన వాడకట్టు మీటింగులో, పేపరు వేసే పిల్లగాణ్ని కుక్క తరిమిన సంగతి మీద చాలాసేపు మాటలయ్యాయి. కట్టేసి పెట్టుకోవాలని కొందరు, గోడలు లేపుకోవాలని కొందరు అన్నారు. ముప్పై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతున్నదాన్నని నన్ను మాట్లాడమన్నారు. నేను పశువుల డాక్టర్ని కాదు, బడిలో సైన్సు చెప్పి రిటైరైన టీచర్ని. నా ఇంట్లో చూసిందే చెప్తాను.

ముందు టైగర్ గురించి చెప్పాలి. నాటు కుక్క. ఎర్రటి వొళ్లు, ఒక చెవి ఎప్పుడూ మడిచే ఉండేది. అప్పట్లో మేం హనుమకొండలో అద్దెకుండేవాళ్లం. వెనకవైపు గోడ నాలుగున్నర అడుగులు. నేను, మా సారు ఇద్దరం బడికి పోయేవాళ్లం కాబట్టి పొద్దున్నే దాన్ని కిటికీ ఊచకు గొలుసుతో కట్టేసేదాన్ని. నీళ్లు పెట్టేదాన్ని, నీడ ఉండేది. ఇంకేం కావాలి అనుకునేదాన్ని. గొలుసు ఆరడుగులు. కిటికీ నుంచి గోడ నాలుగడుగుల దూరం. ఆ రెండు కొలతల్ని పక్కపక్కన పెట్టి నేనెన్నడూ ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం కోతుల మంద వచ్చింది. టైగర్ వాటి వెంట గోడ దూకింది. గొలుసు గోడ దాటేదాకా వచ్చింది కానీ, అవతల నేల దాకా రాలేదు. పక్కింటావిడ బడికి ఫోన్ చేయించి, "టీచరమ్మా, మీ కుక్క గోడకు ఏలాడుతున్నది" అన్నది. నేను వచ్చేసరికి దాన్ని దించి గోనెసంచి మీద పడుకోబెట్టారు. అప్పటికే అయిపోయింది. గోడకు అవతలివైపు తెల్ల సున్నం మీద దాని గోళ్ల గీతలున్నాయి. పైనుంచి కిందికి, అదే చోట, మళ్లీ మళ్లీ. లోపలి ఇటుక ఎరుపు కనబడేంత లోతు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ గోడకు అటువైపు సున్నం వేయనియ్యలేదు నేను.

అందుకే కుక్క ఆగడానికి ఏం చేయాలని ఎవరడిగినా నా నోట ముందు వచ్చేది ఇదే. గొలుసు కంచె కాదు. చుట్టాలు వచ్చారనో, ఇల్లు కడుగుతున్నామనో అరగంట కట్టేస్తే తప్పు లేదు. అప్పుడు కూడా ఒక్కసారి గొలుసు పట్టుకొని చుట్టూ తిరిగి చూడండి. గొలుసు పోయినంత మేర గోడ, మెట్లు, అరుగు, మంచం ఏవీ ఉండకూడదు. మెడకు కాకుండా ఛాతీకి వేసే బెల్టు కొనండి. మెడ పట్టీయే ఉంటే దాని కింద మీ రెండు వేళ్లు పట్టాలి.

పగలంతా కట్టేసి ఉంచడం చట్టం కూడా ఒప్పుకోదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ దీని గురించే. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో చాలాసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసే ఉంచే కుక్కను తిప్పకపోవడం, రెండూ క్రూరత్వం కిందికే వస్తాయి. చట్టం సంగతి అట్లా ఉంచినా, 2023 జూలైలో వాన ఎట్లా కొట్టిందో ఇక్కడ అందరికీ గుర్తే. రాత్రికి రాత్రి వరంగల్ హంటర్ రోడ్డు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అటు భూపాలపల్లి వైపు మోరంచపల్లిలో మనుషులు డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అట్లాంటి రాత్రి కట్టేసి ఉన్న జీవానికి ఏ దారీ ఉండదు.

మరి ఏం పెట్టుకోవాలి? గోడనా, జాలీనా అని నన్నడుగుతారు. నేను ముందు మీ కుక్కను ఒక వారం చూడమంటాను. అది ఎందుకు బయటికి పోతున్నది? కోతి కనబడితేనా? ఎదకు వచ్చిన ఆడకుక్క వాసనకా? పటాకుల భయానికా? పొద్దంతా ఒక్కతే ఉండి ఊసుపోకనా? గోడ దూకే కుక్కకు, గోడ కింద తవ్వే కుక్కకు, గేటు సందులోంచి జారే కుక్కకు ఒకే మందు పనిచేయదు. మగ కుక్క వాసన పట్టి పోతున్నదంటే, గోడ లేపే ఖర్చుకంటే ముందు డాక్టర్ని కలిసి ఆపరేషన్ సంగతి అడగండి. తిరుగుడు చాలామటుకు తగ్గుతుంది. ఊసుపోక పోతున్నదంటే పొద్దున, సాయంత్రం తాడు పట్టుకొని వడ్డేపల్లి చెరువు కట్ట దాకా తీసుకెళ్లండి. నడిచి అలసిన కుక్కకు గోడ మీద ధ్యాస ఉండదు.

దూకే కుక్కకు గోడ ఎత్తు కావాలి. మంచి నాటు కుక్క ఐదడుగుల గోడను అలవోకగా దాటుతుంది, అందుకే నేను ఆరడుగులు అంటాను. ఎత్తు ఒక్కటే చూసుకుంటే చాలదు. గోడ పక్కన ఏమున్నదో చూడండి. ఇటుకల కుప్ప, పాత కూలరు, వాషింగ్ మెషీన్ పెట్టె, ఇవన్నీ దానికి మెట్లే. దొంగల కోసమని గోడ మీద గాజు పెంకులు గుచ్చినవాళ్లు మనలో ఉన్నారు, ముళ్ల తీగ లాగినవాళ్లూ ఉన్నారు. దయచేసి తీసేయండి. దూకే కుక్క అవి చూసి ఆగదు, పాదాలు కోసుకొని మరీ దూకుతుంది.

జాగ పెద్దది, చుట్టూ గోడ కట్టే స్తోమత లేదు అనేవాళ్లకు కడీలు, అంటే కంచె స్తంభాలు, పాతి జాలీ లాగడమే మంచిది. జాలీ కొనేటప్పుడు గేజ్, అంటే తీగ మందం నంబరు, అడగండి. నంబరు తగ్గినకొద్దీ తీగ లావు. 14 గేజ్ చవకని తెస్తే పెద్ద కుక్క దాన్ని పళ్లతో లాగి వంచుతుంది. 10 గాని, 12 గాని తెచ్చుకోండి. రంధ్రం రెండంగుళాలు మించకూడదు. నల్లరేగడి భూమిలో ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి కడీలు ఒరుగుతాయి, అక్కడ కాంక్రీటు పోసి పాతాలి. మన ఎర్రమట్టిలో ఇంకో తిప్పలుంది. ఒక్క వాన పడితే చాలు, చల్లదనానికి కుక్క తవ్వడం మొదలుపెడుతుంది. జాలీ పొడుగునా లోపలివైపు అడుగున్నర వెడల్పున బండలు పరచండి. కరీంనగర్ వైపు నుంచి వచ్చే గ్రానైట్ వేస్టు ముక్కలు దీనికి సరిగ్గా సరిపోతాయి. మా ఇంట్లో అవే వేశాం.

ఇప్పుడు మెడకు కరెంటు పట్టీ అమ్ముతున్నారు కదా, అది వేస్తే గోడే అక్కర్లేదంట కదా అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. స్థలం చుట్టూ తీగ పాతిపెడతారు. కుక్క ఆ గీత దగ్గరికి పోతే మెడ పట్టీ ముందు చప్పుడు చేస్తుంది, దాటబోతే షాక్ ఇస్తుంది. నాకు ఇది నచ్చదు. వేల్స్ దేశంలో షాక్ పట్టీలను 2010లోనే నిషేధించారు. నొప్పి సంగతి అట్లా ఉంచినా, కోతి వెంటపడ్డ ఊపులో కుక్క ఆ షాక్‌ను దాటేస్తుంది. తిరిగి రావాలంటే మళ్లీ షాక్ కొడుతుందని భయపడి బయటే ఉండిపోతుంది. ఇంకొక మాట. ఆ తీగ మీ కుక్కను ఆపుతుందేమో కానీ, వీధి కుక్కల గుంపును ఆపదు. కంచె అంటే లోపలిది బయటికి పోకుండానే కాదు, బయటిది లోపలికి రాకుండా కూడా.

చేన్లల్లో అడవి పందులకు పెట్టే సోలార్ జట్కా మిషన్, అదే కంచె తీగకు కరెంటు షాక్ ఇచ్చేది, ఇంటికి పెట్టుకుంటామని కూడా ఒకరన్నారు. చిన్నపిల్లలు తిరిగే గల్లీలో అది వద్దు. ఇక కంచెకు నేరుగా ఇంటి కరెంటు ఇవ్వడమంటే ప్రాణాలు తీయడమే. అట్లా పెట్టిన తీగలు తగిలి మన జిల్లాల్లో ఎంతమంది రైతులు పోయారో మీరు పేపర్లో చదువుతూనే ఉన్నారు.

డాబా మీద వదిలేసేవాళ్లకు ఒక్క మాట. మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికి చెప్పులు లేకుండా ఆ శ్లాబు మీద ఐదు నిమిషాలు నిలబడి చూడండి.

దీపావళి రాత్రి, వినాయక నిమజ్జనం డీజే పోయే రోజు, కొత్త సంవత్సరం రాత్రి మాత్రం ఏ గోడనూ నమ్మవద్దు. భయపడ్డ కుక్క అంతకుముందెన్నడూ దూకని ఎత్తు దూకుతుంది. చీకటి పడకముందే తిప్పి తెచ్చి, లోపలి గదిలో తలుపేసి, ఫ్యాను వేసి, పక్కన ఎవరో ఒకరు కూర్చోండి.

ఇంత చెప్పాను కానీ, నా ఇంట్లో గోడ దూకి పోయిన కుక్క టైగర్ ఒక్కటే. మిగతావి పోయిందంతా గేటులోంచే. పాల ప్యాకెట్ అబ్బాయి వచ్చినప్పుడు, చెత్త ఆటో పాట వినబడి మనం బకెట్ పట్టుకొని ఉరికినప్పుడు, గ్యాస్ బండ దించినప్పుడు, పిల్లలు సైకిల్ బయటికి తీసినప్పుడు. పేపరు పిల్లగాణ్ని తరిమిన కుక్క కూడా గోడ దూకలేదు, తెరిచి ఉన్న గేటులోంచి వచ్చింది. మన కుక్క ఎవరినైనా కరిస్తే బాధ్యత మనదే. జంతువును జాగ్రత్తగా ఉంచుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కరిస్తే ముందు సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పోవాలి. పసుపు, కారం పెట్టవద్దు.

గేటు కింద సందు మూడంగుళాలు మించకూడదు. ఊచల మధ్య కుక్క తల పట్టిందంటే వొళ్లంతా పట్టినట్టే, కింద రెండడుగుల దాకా రేకు కొట్టించండి. జాగ ఉన్నవాళ్లు గేటుకు లోపల నాలుగడుగులు వదిలి ఇంకో చిన్న గేటు పెట్టించండి. ఒకటి మూసాకే ఇంకొకటి తీయాలి. మా ఇంట్లో అట్లా పెట్టి పదకొండేళ్లయింది. ఇప్పుడున్న మా కుక్క చిన్ని ఒక్కసారి కూడా రోడ్డు మీదికి ఒంటరిగా పోలేదు.

రెండు గేట్లకు చోటు లేనివాళ్లు కనీసం గొళ్లెం మార్చండి. మామూలు గడియను కుక్క ముక్కుతో లేపుతుంది, నేను కళ్లారా చూశాను. మా గేటుకున్నది స్ప్రింగు గొళ్లెం. గేటును తోసి వదిలేస్తే దానంతటదే పడుతుంది, తీయాలంటే పైకి లేపి పక్కకు లాగాలి. మనిషి చేతికి తప్ప రాదు. వెల్డింగ్ షాపులో చూపిస్తే అట్లాంటిదే చేసిస్తారని పొద్దున విప్పి తెచ్చాను. ముందు వరుసలో వాళ్లు చేత్తో తీసి వేసి చూసి, వెనక్కి అందించండి. ఇంట్లో చిన్ని ఉన్నది, మధ్యాహ్నానికల్లా మళ్లీ బిగించుకోవాలి.