ఆకు తీరు మారితే ఏం చూడాలి?

అందరికీ నమస్కారం.

కొత్తిమీర కట్ట విప్పితే కింది ఆకులు చిన్న విసనకర్రల్లా వెడల్పుగా కనిపిస్తాయి. అదే మొక్కలో పూత కాడ లేచాక పై ఆకులు దారాల్లా సన్నగా చీలిపోతాయి. విత్తనం ఒకటే, రకం ఒకటే, ఆకులు మాత్రం రెండు తీరులు. ఎండలు ముదిరినప్పుడు, పగలు పొడవైనప్పుడు ఈ మార్పు ముందే వచ్చేస్తుంది. వేసవిలో కొత్తిమీర రైతులు నీడ వల వేసేది కొంత ఇందుకే. వెడల్పాకు ఉన్నన్నాళ్లే కట్టకు ధర.

ఆకు తీరు మారడానికి కారణాలు రెండు: ఒకటి మొక్క దశ, రెండోది దాని చుట్టూ ఉన్న వెలుగు, నీరు, వేడి. వీటిని విడదీసి చూడటం తెలియకపోతే నర్సరీలోనూ పొలంలోనూ పొరపాట్లు జరుగుతాయి. చూసేటప్పుడు ఒకటి మరవకండి. పూర్తిగా విచ్చుకున్న ఆకు తన ఆకారం మార్చుకోదు. అది మొగ్గలో తయారవుతున్న రోజుల్లోనే చాలావరకు నిర్ణయమైపోతుంది. అందుకే మొక్కను కింది కణుపు నుంచి పైకి చదవాలి. దశ వల్ల వచ్చే మార్పు కణుపు కణుపుకూ ఒకే దిశలో సాగుతుంది, వరుసలో ఉన్న మొక్కలన్నిటిలో దాదాపు ఒకే కణుపు దగ్గర మొదలవుతుంది. పరిస్థితి వల్ల వచ్చే మార్పు మధ్యలో మొదలై, పరిస్థితి బాగుపడగానే తర్వాత వచ్చే ఆకుల్లో వెనక్కి తిరుగుతుంది.

కంది, పెసర, మినుము మొలకల్లో తొలి జత ఒంటి ఆకులే, మూడాకులు ఆ తర్వాతే వస్తాయి. పత్తిలో తొలి ఆకు చీలికల్లేకుండా హృదయాకారంలో ఉంటుంది. పనసది దీనికి తలకిందులు: లేత మొక్క ఆకులకు చీలికలుంటాయి, ముదిరిన చెట్టుకు ఉండవు. దిశ జాతిని బట్టి మారుతుంది, కానీ లోపలి గడియారం ఒకే తరహాది. మైక్రో ఆర్ఎన్ఏ 156 అనే అతి చిన్న అణువు లేత దశలో ఎక్కువగా ఉండి, మొక్కను ఆ దశలోనే నిలిపి ఉంచుతుంది. ఆకులు చక్కెరలు తయారు చేసేకొద్దీ అది తగ్గుతుంది. అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో దీన్ని స్పష్టంగా చూశారు. కిరణజన్య సంయోగక్రియ కుంటుపడిన మొక్కలు ఎక్కువ కాలం లేత ఆకులే వేస్తాయి.

ఇది కోనసీమ కొబ్బరి నర్సరీల్లో రోజూ పనికొచ్చే సంగతి. కొబ్బరి మొలక తొలి ఆకులు చీలకుండా ఒకే రేకులా ఉంటాయి. ఆకు చీలడం త్వరగా మొదలైన మొక్క చురుకైనదని లెక్క. ఏడాది వయసు మొక్కను ఎంచేటప్పుడు కనీసం 6 ఆకులు, మొదలు దగ్గర 10 సెంటీమీటర్ల చుట్టుకొలత, ముందుగా చీలిన ఆకు, ఈ మూడూ కలిపి చూడాలి. ఎత్తు చూసి మోసపోకండి. కిక్కిరిసిన మడిలో నీడకు సాగిన మొక్క కూడా ఎత్తుగానే ఉంటుంది, మొదలు మాత్రం సన్నం.

జామాయిల్‌లో ఈ విషయం ఇంకా ముఖ్యం. లేత దశలో ఆకు వెడల్పు, ముదిరిన చెట్టుకు సన్నగా, పొడవుగా, వేలాడుతూ ఉంటుంది. చెట్టు నరికితే మోడు మీద వచ్చే పిలకలకు మళ్లీ వెడల్పాకులే. చెట్టు మొదలు ఏళ్లలో పెద్దది, దశలో మాత్రం లేతది. చిటారు కొమ్మే దశలో ముదురు. క్లోన్ల (తల్లి చెట్టుకు అచ్చు నకలు మొక్కల) కోసం కొమ్మ ముక్కలను మోడు పిలకల నుంచి తీసుకునేది ఇందుకే: లేత దశ ముక్క వేరు వేస్తుంది, పై కొమ్మ ముక్క చాలావరకు కుళ్లిపోతుంది. ముక్కకు ఒకటి రెండు జతల ఆకులుంచి, ఆవిరి నష్టం తగ్గడానికి వాటిని సగానికి కత్తిరిస్తారు. అడుగున 4,000 నుంచి 6,000 పీపీఎం (పది లక్షల్లో వంతులు) ఐబీఏ అనే వేరు హార్మోను పొడి అద్ది, వర్మిక్యులైట్ అనే తేలికైన ఖనిజపు పొట్టులో గుచ్చి, సన్నటి నీటి తుంపర పడే మిస్ట్ చాంబర్‌లో పెడతారు. మంచి హార్మోను వాడినా వేరు రాలేదంటే ముందు ముక్క ఆకును చూడండి. సన్నాకు ఉంటే తప్పు పొడిది కాకపోవచ్చు.

ఇక పరిస్థితుల వల్ల వచ్చే మార్పు. చెరువులో గుర్రపు డెక్క విడిగా తేలుతున్నప్పుడు ఆకు కాడ బుడగలా ఉబ్బి ఉంటుంది. మొక్కలు దట్టంగా కమ్ముకుంటే అదే కాడ ఉబ్బు లేకుండా పొడవుగా పైకి సాగుతుంది. లిమ్నోఫిలా అనే నీటి మొక్క నీటి లోపల ఈకల్లాంటి ఆకులు, పైకి వచ్చాక అంచుకు పళ్లున్న ఆకులు వేస్తుంది. మనీప్లాంట్ బాల్కనీ నుంచి వేలాడితే ఆకు చిన్నదవుతుంది. చెట్టెక్కితే అడుగు పొడవు దాటి, చీలికలు పడుతుంది. పెద్దాకు కావాలంటే కణుపులు మాస్ స్టిక్‌కు (నాచు చుట్టిన కర్రకు) తాకేలా కట్టి దాన్ని తడిగా ఉంచాలి. ఎండిన కర్రను వేర్లు పట్టుకోవు, ఆకూ పెరగదు.

నీడ వల కింద పెరిగిన ఆకు వెడల్పు, పలుచన. దాన్ని ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి మచ్చలు పడి మాడుతుంది. విచ్చుకున్న ఆకు మారదన్నాం కదా, అది ఎండకు తగిన ఆకు కాలేదు. రెండు మూడు వారాల పాటు ఉదయపు ఎండతో మొదలుపెట్టి, ఒక విడత కొత్త చిగురు ఎండలోనే విచ్చుకున్నాక పూర్తిగా బయట పెట్టండి. ఈలోగా పాత ఆకులు రాలితే తెగులనుకుని మందు కొట్టకండి.

పత్తి రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. కొత్త ఆకులు వేళ్లలా సన్నగా చీలి, ఈనెలు దగ్గరగా చేరి ముడతపడితే చాలామంది వైరస్ అనుకుంటారు. ముందు 2,4-డీ అనే కలుపు మందు సోకిందేమో చూడండి. కింది ఆకులు మామూలుగా ఉండి, ఒక కణుపు నుంచి పైవి మాత్రమే చెడి, పక్క చేను వైపు మొక్కల్లో ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. బెండాకు తీరు పత్తి రకాలకైతే లోతు చీలికలు సహజం. వాటిలో ఆకు ముడతపడదు, చేనంతా ఒకేలా ఉంటుంది. మందు కొద్దిగా సోకిన మొక్క మళ్లీ మంచి ఆకులు వేస్తుంది, తొందరపడి పీకేయకండి. పత్తికి ఇది బొట్టంత సోకినా చాలు, ట్యాంకు ఒకసారి కడిగితే పోదు. కలుపు మందుకు వేరే స్ప్రేయర్ పెట్టుకోండి.