ఇరవై అడుగుల దూరం

వేదిక మీది పెద్దలకు, సహాయ సంస్థల మిత్రులకు, కుర్చీలు చాలక వెనక నిలబడి వింటున్న విద్యార్థులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం విపత్తు సహాయంలో టెక్నాలజీ, సహకారం. డ్రోన్ల గురించీ ఉపగ్రహాల గురించీ నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ ముందు ఒక వరద సంగతి చెప్పనివ్వండి. అది చెప్పకుండా ఈ కాగితాలు చదవడం నావల్ల కాదు.

అప్పుడు నేను ఒక సహాయ శిబిరంలో వాలంటీర్‌ని. ఏ ఊరికి ఎన్ని టార్పాలిన్లు, ఎన్ని నీళ్ల డబ్బాలు పంపాలో లిస్టు చూసి రాసి, లారీ ఎక్కించడం నా పని. మూడు సంస్థలు మూడు ఎక్సెల్ షీట్లు ఇచ్చాయి. ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఒక ఊరి పేరు చివర ఒకరు అక్షరం ఎక్కువ వేశారు, ఇంకొకరు మధ్యలో ఒకటి వదిలేశారు, మూడోవారు ఆ ఊరి పాత పేరు రాశారు. అవి మూడు ఊళ్లనుకున్నాను. మూడు లారీలు పంపాను. మూడూ ఒకే ఊరికి చేరాయి.

నాలుగో రోజు సాయంత్రం ఒకావిడ మోకాలి దాకా బురదతో మా టెంటు దగ్గరికి వచ్చింది. వాళ్ల గూడెం వాగు అవతల ఉంది. "మీ లారీలు మాకు కనిపిస్తూనే ఉన్నాయయ్యా. మా పేరు మీ కాగితాల్లో లేదా?" అని అడిగింది. మూడు లిస్టులూ తిరగేశాను. లేదు. మ్యాప్‌లో చూస్తే వాగు అవతల అంతా ఖాళీ.

అసలు విషయం మర్నాడు తెలిసింది. మరో సంస్థ రెండో రోజే ఆ గూడెం మీద డ్రోన్ ఎగరేసింది. ఇళ్లు లెక్కపెట్టింది, నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసింది. ఆ సంస్థ టెంటు మా పక్కనే ఉంది. ఆ ఫొటోలు ఇవ్వమంటే "మా ఆఫీసు నుంచి పర్మిషన్ రావాలండీ" అన్నారు. మా టెంటుకీ వాళ్ల టెంటుకీ మధ్య ఇరవై అడుగులు. ఆకాశంలోంచి గూడెం కనిపించింది గానీ, ఆ కబురు ఇరవై అడుగులు దాటలేదు. ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ పర్మిషన్ వరద రాకముందే ఇచ్చి ఉంచాలని ఎవరికీ తట్టకపోవడం మీదే నా బాధంతా.

ఇవ్వాలనుకుంటే ఏమవుతుందో కరీబియన్ దేశం హైతీలో చూశాం. 2010 జనవరి 12న అక్కడ 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌కి సహాయ బృందాలు వాడుకోదగ్గ వివరమైన మ్యాప్ లేదు. ఉపగ్రహ కంపెనీలు కొత్త చిత్రాలను అందరికీ వదిలిపెట్టాయి. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో ఇళ్లలో కూర్చుని, ఆ చిత్రాలు చూస్తూ, ఎవరైనా గీయగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వీధులు, కూలిన ఇళ్లు, గుడారాలు గీశారు. రక్షణ బృందాలు ఆ మ్యాప్‌నే జీపీఎస్‌లో వేసుకుని తిరిగాయి. బాధితులు 4636 నంబరుకి తమ భాష క్రియోల్‌లో మెసేజ్‌లు పంపితే, విదేశాల్లో ఉన్న హైతీ వాళ్లు అనువదించారు, ఫలానా చోటు అని గుర్తుపట్టి చెప్పారు. తమ నగరపు సందులు వాళ్లకు తెలుసు కాబట్టి అది కుదిరింది. మామూలు ఎస్సెమ్మెస్ అండీ! అంతకు మించిన యంత్రమేమీ కాదు.

నా మూడు స్పెల్లింగుల గొడవకీ మందు ఉంది. ఐక్యరాజ్యసమితిలో మానవతా సహాయాన్ని సమన్వయం చేసే ఓచా, ప్రాంతాలకు పీ-కోడ్‌లు, అంటే ఒక్కో చోటుకి ఒక్కో గుర్తింపు కోడ్, వాడిస్తుంది. పేరు ఎవరెలా రాసినా కోడ్ మారదు. హెచ్‌ఎక్స్‌ఎల్ అని ఇంకో పద్ధతి ఉంది. షీట్‌లో కాలమ్ హెడ్డింగ్ కింద ఒక హ్యాష్‌ట్యాగ్ వరుస పెడితే చాలు, వేర్వేరు సంస్థల షీట్లను కంప్యూటర్ కలిపేస్తుంది. ఇలాంటి డేటా పంచుకోవడానికి ఓచా 2014లో హెచ్‌డీఎక్స్ అనే వేదిక కూడా తెరిచింది. ఒక్క కాలమ్, ఒక్క వరుస. అవి ఆ రోజు నా షీట్లలో ఉంటే మూడు లారీల్లో రెండు వాగు అవతలికి మిగిలేవి.

ఇక్కడ చేతులెత్తమని అడుగుతాను, ఏమనుకోకండి. మీ సంస్థ లిస్టును పక్క సంస్థకు ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడకుండా ఇవ్వగలిగినవాళ్లు ఎంతమంది? ఇద్దరు. ముగ్గురు. సరే, దించండి.

ఇవ్వడమంటే అన్నీ గుమ్మరించడం కాదు, అదీ చెప్పాలి. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ మీద సైబర్ దాడి జరిగిందని ఆ కమిటీయే బయటపెట్టింది. 5,15,000 మందికి పైగా మనుషుల వివరాలు దొంగల చేతికి వెళ్లాయి. వాళ్లలో యుద్ధాల్లో, వలసల్లో అయినవాళ్లకు దూరమైనవారు, తప్పిపోయినవారు, నిర్బంధంలో ఉన్నవారు ఉన్నారు. అందుకే వాగు అవతల నలభై ఇళ్లున్నాయి, నీళ్లు లేవు అన్నది అందరికీ ఇవ్వండి. ఆ ఇళ్లలో ఎవరెవరున్నారు, ఎవరికి ఏ జబ్బు ఉంది అన్నది ఇవ్వకండి. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో తీరిగ్గా ఉన్నప్పుడే కూర్చుని రాసుకోవాలి. నీళ్లు ముంచుకొచ్చే వేళ, టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయిన వేళ, ఆ టెన్షన్‌లో ఎవరూ నియమాలు రాయలేరు.

డ్రోన్ల కాగితాలు అలాగే ఉండిపోయాయి, టైం అయిపోతోంది. వాటిని నిర్వాహకులకు ఇచ్చి వెళ్తాను. విద్యార్థులకు ఒక మాట. మ్యాప్‌లో లేని ఊళ్లను విపత్తు రాకముందే గీయడానికి మిస్సింగ్ మ్యాప్స్ అని 2014లో మొదలైన పని ఒకటి ఉంది. వెనక బల్లల మీద లాప్‌టాప్‌లు తెరిచే ఉన్నాయి. వాటిలోని ఉపగ్రహ చిత్రంలో తలా ఒక చదరం తీసుకోండి, కనిపించిన ప్రతి ఇంటి చుట్టూ గీత గీయండి. అర్థం కాకపోతే నన్ను పిలవండి.

సంస్థల మిత్రులు మాత్రం పది నిమిషాలు ఆగండి. మీ ఫోన్లలో లిస్టులుంటే తెరవండి. ఊరి కోడ్ కాలమ్ ఉందో లేదో ఒక్కొక్కటిగా చూసుకుందాం, ఈ చివరి నుంచి మొదలుపెడదాం.