మెస్క్లిన్ మీద జానెడు ఎత్తు

(జాతీయ సైన్సు దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

అధ్యక్షులు గారికీ, హెడ్మాస్టరు గారికీ, ఎండలో ఇంత దూరం వచ్చిన తల్లిదండ్రులకూ, ముందు వరసలో కింద కూర్చున్న పిల్లలకూ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మాస్టారు చెప్పినవాటిలో సగం తీసేస్తే మిగిలినదే నేను. ఆ మూల మడతపెట్టి ఉన్నది శాలువా అని నాకు అనుమానంగా ఉంది. ఫిబ్రవరి ఆఖర్లో శాలువా ఏమిటండీ! ఆ డబ్బు పెట్టి ల్యాబ్‌కి ఒక స్ప్రింగు త్రాసు కొనండి.

1928 ఫిబ్రవరి 28న రామన్ ఏం కనిపెట్టారో నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలందరూ చెప్పేశారు. నాకు ఆ పని తప్పింది. కరపత్రంలో నా అంశం 'విశ్వంలో జీవం' అని వేశారు. అంత బరువు నేను మోయలేను. ఒక్క గ్రహం గురించి చెబుతాను. ఆ గ్రహం ఎక్కడా లేదు. కానీ దాని మీద ఎక్కడ ఎంత బరువు ఉంటుందో, సముద్రంలో ఏముంటుందో, ఓడ ఎలా కట్టాలో లెక్కలు కట్టి ఉన్నాయి. పేరు మెస్క్లిన్. కట్టినవాడు మనలాంటి ఒక బడి పంతులు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, మిల్టన్ అనే ఊరు. అక్కడి స్కూల్లో సైన్సు చెప్పే హ్యారీ స్టబ్స్, హాల్ క్లెమెంట్ అనే పేరుతో కథలు రాసేవాడు. హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రం చదివాడు, రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం నడిపాడు, తిరిగొచ్చి పిల్లలకు పాఠాలు చెప్పుకున్నాడు. 1953లో ఒక పత్రికలో 'మిషన్ ఆఫ్ గ్రావిటీ' అనే నవలను సీరియల్‌గా రాశాడు. మెస్క్లిన్ ఆ నవలలోది.

ఇప్పుడు పిల్లలు వినండి. మన భూమి ఒకసారి తిరగడానికి 24 గంటలు. మెస్క్లిన్‌కి 18 నిమిషాలు కూడా పట్టదు. అంటే పగలు 9 నిమిషాలు, రాత్రి 9 నిమిషాలు. ఇంత వేగంగా తిరిగితే గ్రహం గుండ్రంగా ఉంటుందా? మన భూమే ఉండలేదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసం ధ్రువాల దగ్గరి కన్నా 43 కిలోమీటర్లు ఎక్కువ. 10 గంటల్లో తిరిగే గురుగ్రహమైతే టెలిస్కోపులో చూస్తేనే నొక్కినట్టు తెలుస్తుంది. మెస్క్లిన్ ఏకంగా ఇడ్లీ అయిపోయింది. అడ్డంగా 77 వేల కిలోమీటర్లు, నిలువునా 32 వేలు.

అంచు కేంద్రానికి దూరం, పైగా తిరిగే వేగం అక్కడి బరువును తగ్గిస్తుంది. అందువల్ల బరువు ఊరూరికీ మారిపోతుంది. గ్రహం అంచున, అంటే భూమధ్యరేఖ దగ్గర, మన బరువుకి మూడు రెట్లు. ధ్రువం దగ్గర దాదాపు 700 రెట్లు. 60 కిలోల మనిషి అంచున 180 కిలోలు తూగుతాడు, పళ్ళు బిగపట్టి ఎలాగో ఉంటాడు. ధ్రువానికి వెళితే 42 టన్నులు. ఇక మనిషని చెప్పడానికి ఏం మిగలదు. అందుకే కథలో ధ్రువం దగ్గర చిక్కుకుపోయిన మనవాళ్ళ రాకెట్‌ను చేరడానికి స్థానికుల సాయం అడుక్కోవలసి వచ్చింది.

స్థానికులు ఎలా ఉంటారు? మూరెడుకు తక్కువ పొడవున్న జెర్రులు. బోలెడు కాళ్ళు, నేలకి అంటుకున్న ఒళ్ళు, ముందూ వెనకా పీతకున్నట్టు పట్టుకునే డెక్కలు. పీల్చేది హైడ్రోజన్. వాళ్ళ సముద్రంలో నీళ్ళు లేవు, ద్రవ మీథేన్ ఉంది. మీథేన్ మన గాలి పీడనం దగ్గర మైనస్ 161 డిగ్రీలకే మరిగిపోతుందంటే ఆ చలి ఎంతో ఊహించుకోండి. అక్కడ కురిసే మంచు అమ్మోనియా. మన నీళ్ళు అక్కడ రాయి కింద లెక్క. ఆ జెర్రుల్లో బార్లెనన్ అని ఒక ఓడ కెప్టెన్ ఉన్నాడు, మంచి బేరగాడు. వాడి ఓడ చిన్న చిన్న తెప్పలను వరసగా తాళ్ళతో కట్టిన బారు.

వీళ్ళకి ఎత్తంటే ప్రాణభయం. పిరికితనం కాదు, లెక్క చూడండి. ధ్రువం దగ్గర జానెడు ఎత్తు నుంచి పడ్డారనుకోండి. నేల తాకేసరికి వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లు. పట్టే సమయం సెకనులో వందో వంతు కూడా కాదు. పడడం ఎవరికీ కనపడదు. పైన ఉన్నది కింద పగిలి ఉంటుంది, అంతే. అలాంటి చోట పుట్టినవాడు దేన్నీ విసరడు. ఎగరడు. నెత్తి మీద బరువైన వస్తువేదీ ఉండనివ్వడు. ఇళ్ళకు గోడలుంటాయి, గట్టి కప్పు ఉండదు, గుడ్డ కప్పుకుంటారు. అంచున ఉన్న మన మనిషి స్నేహంగా బార్లెనన్‌ను ఎత్తి తన ట్యాంకు మీద కూర్చోబెడతాడు. కెప్టెన్‌కి పై ప్రాణాలు పైనే పోతాయి. పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో చెప్పే g విలువ మారితే స్వభావమే మారిపోయింది, గమనించారా? g అంటే 9.8 అని బట్టీపట్టే పిల్లాడికి ఆ 9.8లో మన మిద్దెలు, మన మెట్లు, మన క్రికెట్టు అన్నీ ఉన్నాయని ఎవరైనా చెప్పారా?

ఇంకొకటి చెప్పి ముందుకు వెళతాను. వాళ్ళు తమ లోకం గిన్నెలా లోపలికి పల్లంగా ఉంటుందని నమ్ముతారు. పటాలు కూడా గిన్నె ఆకారంలోనే చేసుకుంటారు. మూఢనమ్మకం అనకండి. అంత ఆకర్షణలో పైకి వెళ్ళేకొద్దీ గాలి చాలా త్వరగా పలచబడుతుంది, కాంతి కిందికి వంగుతుంది, దూరంలో ఉన్న సముద్రం పైకి లేచినట్టు కనిపిస్తుంది. తారురోడ్డు మీద ఎండమావి దగ్గర కాంతి పైకి వంగుతుంది, అక్కడ కిందికి. పాఠం ఒకటే.

ముందుకు వెళతానన్నాను గానీ, ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. పది నిమిషాలు ఓర్చుకోండి.

రిటైరయ్యాక నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి చెప్పాను. పేరు అక్కర్లేదు, అన్నీ ఒకటే. ఒక యూనిట్ టెస్టులో ప్రశ్న ఇచ్చాను: భూమి ఎన్ని నిమిషాలకోసారి తిరిగితే భూమధ్యరేఖ దగ్గర మన బరువు సున్నా అవుతుంది? తెలిసిన లెక్కే, 84 నిమిషాలు. కీలో అదే ఇచ్చాను. ఒక అమ్మాయి 84 వచ్చేదాకా అన్ని మెట్లూ వేసింది. వేసి, కింద ఇలా రాసింది: 'కానీ సార్, అంత వేగానికి భూమి నడుము దగ్గర ఉబ్బుతుంది. అప్పుడు అంచు కేంద్రానికి ఇంకా దూరమవుతుంది, అక్కడ ఆకర్షణ తగ్గుతుంది. కాబట్టి 84 కన్నా ఎక్కువ నిమిషాలకే బరువు సున్నా అయిపోతుంది.' జవాబు గళ్ళో '84 కన్నా ఎక్కువ' అని వేసింది.

నిజం అమ్మాయిదే! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పేపర్లు దిద్దింది వేరే వాళ్ళు. సున్నా వేశారు. కీతో కలవలేదు కదా! నేను వెళ్ళి పూర్తి మార్కులు వేయమన్నాను. ర్యాంకు లిస్టు గోడకు అంటించేశామండీ, మార్చితే మిగతా పేరెంట్స్ గొడవ చేస్తారు అన్నారు. పోనీ పిల్లని మెచ్చుకోండి అన్నాను. ఇది ఎంట్రన్స్‌లో వస్తుందా మాస్టారూ అన్నారు. వారం తిరగకుండా నాకో మెమో. సిలబస్‌లో లేనివి అడిగి విద్యార్థులను టెన్షన్ పెడుతున్నారట. టెన్షన్! సున్నా వచ్చిన పిల్ల నా దగ్గరకు వచ్చి, 'ఇకమీదట కీ ప్రకారమే రాస్తాను సార్' అంది. మెమో నన్నేమీ చేయలేదండీ. ఆ మాట చేసింది.

ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నాను? క్లెమెంట్ నవల వచ్చాక అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు ఆయన లెక్కలు పట్టుకున్నారు. కంప్యూటర్ మీద మళ్ళీ వేశారు. మీ గ్రహం ఆకారం అలా ఉండదు, అంచు ఇంకా పదునుగా ఉంటుంది, ధ్రువం దగ్గర బరువు 700 రెట్లలో సగం కూడా రాదు అని తేల్చారు. మా క్లాసు అమ్మాయి పట్టుకున్నదీ ఇలాంటి విషయమే కదా! ఆయన మెమో ఇవ్వలేదు. ఆ మాట తానే అందరికీ చెప్పుకున్నాడు. రచయిత ఓ లోకం కట్టాలి, పాఠకుడు అందులో లొసుగు పట్టాలి, ఇదంతా ఒక ఆట అనేది ఆయన పద్ధతి.

ఆట అన్నాను కదా, ఆ గ్రహాన్ని ఆయన ఎక్కడ పెట్టాడో కూడా చూడండి. హంస రాశిలో 61 సిగ్ని అని జంట నక్షత్రం ఉంది, 11 కాంతి సంవత్సరాల దూరం. నక్షత్రం దూరం కొలవడం 1838లో బెస్సెల్ అనే జర్మన్ ఖగోళవేత్త దీంతోనే చేసి చూపించాడు. 1940ల్లో స్ట్రాండ్ అనే ఖగోళవేత్త దాని కదలికలో చిన్న తేడా చూసి, గురుగ్రహానికి 16 రెట్ల ద్రవ్యరాశి ఉన్న కనపడని తోడు ఉందన్నాడు. క్లెమెంట్ దాన్ని పట్టుకుని సముద్రాలు పోశాడు, జెర్రులను దింపాడు. తర్వాత ఇంకా మంచి పరిశీలనలు వచ్చాయి, ఆ తోడు లేదని తేలింది. ఆధారం పోయినా లెక్క పోలేదు. మీథేన్ సముద్రాలంటారా, అవి నిజంగానే దొరికాయి, మన సూర్యుడి చుట్టూనే. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక శనిగ్రహపు చందమామ టైటన్ మీద దిగి ఫోటో పంపింది. అందులో ఉన్న గుండ్రాళ్ళు నీటి మంచుగడ్డలే. ఆ తర్వాత శనిగ్రహం చుట్టూ తిరిగిన కాసినీ నౌక అక్కడ మీథేన్ సరస్సులు చూపించింది.

కథ చివర బార్లెనన్ ఏం చేశాడో చెప్పలేదు కదూ. రాకెట్ దగ్గరికి చేరాక అడ్డం తిరిగాడు. మీ సరుకులు నాకొద్దు, మీ సైన్సు నేర్పండి, అది కూడా మొదటి నుంచి నేర్పండి, లేకపోతే మీ రాకెట్ మీకు దక్కదు అన్నాడు. ఎత్తంటే వణికిన వాడు ఆఖరికి తన ఓడను బెలూనుగా ఎగరేశాడు.

హెడ్మాస్టరు గారూ, తల్లిదండ్రులారా, నాకు శాలువా వద్దు, ఈ వరం ఇవ్వండి. నెలకొక్క పీరియడ్. కీ లేని ఒక్క ప్రశ్న. మార్కులు వద్దు. నేను ఉచితంగా వస్తాను, బస్సు చార్జీలు కూడా నావే. ఇవాళ్టి ప్రశ్న కాగితాలు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను: మెస్క్లిన్ ధ్రువం దగ్గర క్యారమ్స్ ఆడగలమా? స్ట్రైకర్‌కి, బోర్డుకి మధ్య ఘర్షణ ఎంత ఉంటుంది, స్ట్రైకర్ ఎంత దూరం జరుగుతుంది, అసలు బోర్డు మిగులుతుందా? కొట్టే వేలు మిగులుతుందా అని మూడో వరసలో ఎవరో అంటున్నారు. అదీ లెక్క వేయాల్సిందే. లే బాబూ, నిలబడి చెప్పు, ఎందుకు మిగలదు?