కువైట్ కాయితాల లాయరు: రాజంపేటలో అంతర్జాతీయ న్యాయవాదికి ఏం పని?

[తెరపై: తెల్లవారుజామున రాజంపేట రైల్వే స్టేషన్]

నమస్తే అండీ. ఈ మధ్య రాజంపేటలో ఒక లాయర్ గారు కాలం చేశారు. ఫ్లెక్సీల మీద ‘అంతర్జాతీయ న్యాయవాది, సంఘ సేవకుడు’ అని వేశారు. వీడియోలో పేరు వద్దని ఇంటివాళ్లు అన్నారు కాబట్టి నేను ‘సార్’ అనే అంటాను. అంతర్జాతీయ న్యాయవాదికి మన ఊళ్లో పనేముంటుందని కుర్రాళ్లు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

సార్ వారమంతా చెన్నైలో ఉండేవారు. అక్కడ ఆర్బిట్రేషన్ కేసులు చూసేవారు. వేర్వేరు దేశాల కంపెనీలు కోర్టుకెక్కకుండా, సింగపూర్‌లోనో లండన్‌లోనో మధ్యవర్తుల ముందు తేల్చుకునే తగాదాలవి. 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం పుణ్యమా అని, అక్కడిచ్చిన తీర్పును ఇక్కడి కోర్టులో అమలు చేయించుకోవచ్చు. ఇది డబ్బులొచ్చే పని. శనివారం రాత్రి రైలెక్కి వచ్చి, ఆదివారం ఇక్కడ కువైట్‌కు పనికి పోయినవాళ్ల కాయితాలు చూసేవారు. అది మాత్రం ఉచితం.

[తెరపై: పాత కడప జిల్లా మ్యాపు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు నుంచి కువైట్‌కు గీత]

ఈ పల్లెల్లో కువైట్‌తో సంబంధం లేని ఇల్లు వెతకాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరితే, అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయికి తెచ్చారు. మొత్తం దాదాపు 1,70,000 మంది భారతీయులు. బతికి బయటపడ్డారు సరే, జీతం బకాయి, బ్యాంకులో దాచింది, ఇంట్లో సామాను అన్నీ అక్కడే పోయాయి.

ఇక్కడే అంతర్జాతీయ చట్టం మన ఊరికి వచ్చింది. 1991 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 687వ తీర్మానంలో, ఈ నష్టానికి బాధ్యత ఇరాక్‌దేనని తేల్చింది. జెనీవాలో పరిహార కమిషన్ పెట్టారు. ఇరాక్ అమ్మే చమురు ఆదాయంలో ఒక వాటా దానికి వెళ్లాలి. మనిషి నేరుగా అడగడానికి లేదు. దరఖాస్తు మన ప్రభుత్వం ద్వారా పోవాలి.

ఫారం నింపడం గుమాస్తా పనే అనుకుంటాం. ఇందులో ఒక మెలిక ఉంది. ‘ఎ’ తరగతి కింద, ఇరాక్ సైన్యం దిగిన ఆ నెలల్లో కువైట్ విడిచి వచ్చానని చూపిస్తే చాలు, మనిషికి 2,500 డాలర్లు. ఇంక వేరే ఏ నష్టమూ అడగనని ఒప్పుకుంటే 4,000. కుటుంబానికైతే 5,000 లేదా 8,000. జీతం, సామాను, బ్యాంకు డబ్బు కావాలంటే ‘సి’ తరగతి. అందులో లక్ష డాలర్ల దాకా అడగొచ్చు, కానీ రుజువు పెట్టాలి. ఏది ఎంచుకోవాలి? కాయితాలున్న డ్రైవరు 4,000కు ఆశపడితే మునిగిపోతాడు. ఏ కాయితమూ లేని మనిషి ‘సి’ కింద పెద్ద మొత్తం అడిగితే, అది రాకపోగా 4,000 కాస్తా 2,500 అవుతుంది.

అప్పటికి సార్ కుర్ర లాయరు. ఇంటి పనికి పోయి వచ్చిన ఒకామెతో జరిగిన మాటలు ఆమె కొడుకు నాకు చెప్పాడు.

“అక్కా, జీతం రావాల్సింది ఏమన్నా ఉందా? దానికి కాయితం ఉందా?”

“కాయితం యాడిది నాయనా! పాస్‌పోర్టే బాబా కాడ ఉండిపాయ.”

బాబా అంటే ఆ ఇంటి యజమాని. ఆమె దగ్గరున్నది ఎంబసీ ఇచ్చిన తాత్కాలిక ప్రయాణ పత్రం ఒక్కటే, నాలుగు మడతలు పడి చిరిగే దశలో. దేశం దాటినట్టు చూపడానికి అది చాలు. సార్ 4,000 వైపు టిక్కు పెట్టించారు. డబ్బు రావడానికి ఏళ్లు పట్టింది. మధ్యలో ఊళ్లో అందరూ ఆశ వదులుకున్నారట. వచ్చాక ఆమె మిద్దె వేసుకుంది. అదే కమిషన్ చివరి చెల్లింపు చేసింది 2022 జనవరిలో. మొత్తం 52.4 బిలియన్ డాలర్లు.

[తెరపై: వరండా, బెంచీలు, జిరాక్స్ కాయితాల కట్టలు]

ఒక మాట చెప్పాలి. చనిపోయారని పొగడక్కర్లేదు, సార్ నోరు మంచిది కాదు. జిరాక్సు లేకుండా వస్తే నలుగురిలోనూ తిట్టేవారు. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల పేరెత్తితే ఇంకా కోపం. పదో తరగతి పాసవని ఆడవాళ్లు 30 ఏళ్లు నిండకుండా కువైట్‌కు పనికి పోవడానికి మన నిబంధనలు ఒప్పుకోవు. ఏజెంట్లు దాన్ని దొడ్డిదారిన దాటిస్తారు. అట్లా పోయిన మనిషి మన ప్రభుత్వ లెక్కలో కూలీ కాదు, టూరిస్టు.

కువైట్‌లో ఇంటి పనివాళ్లకు 2015లో చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. సార్ దీన్ని తెలుగులో ఒక పేజీ చేసి పంచేవారు. చట్టం ఉన్నంత మాత్రాన బాబా పాస్‌పోర్టు ఇచ్చేస్తాడని ఆయనేం అనుకోలేదు. ఎంబసీకి ఫిర్యాదు రాసేటప్పుడు ‘నా పాస్‌పోర్టు ఇప్పించండి’ అని బతిమాలక్కర్లేదు, ఫలానా చట్టం ప్రకారం అని రాయొచ్చు కదా, అనేవారు.

ఎక్కువ ఆదివారాలు మాత్రం చావు కేసులకే పోయేవి. శవం రావాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఇక్కడి నుంచి కుటుంబం రాసిచ్చే సమ్మతి లేఖ ఉండాలి. డబ్బు లేకపోతే 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి ఎంబసీ ఖర్చు పెట్టగలదు. ఆ సంగతి అర్జీలో అడగాలి. అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

సార్ కూర్చున్న వరండాలో ఇప్పుడు ఇద్దరు జూనియర్లు కూర్చుంటున్నారు. కువైట్‌కు పోయే ముందే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తీసుకుని పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పోతే ఇది రాదు. పాలసీ కాపీ, వీసా కాపీ, పాస్‌పోర్టు కాపీ ఇంట్లో ఒక సెట్టు, ఫోన్లో ఒక సెట్టు పెట్టుకోండి. జిరాక్సు మర్చిపోవద్దు, జూనియర్లు కూడా తిడుతున్నారట.