గార తీయిస్తే పళ్ళు వదులైపోతాయా?

(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక చిగుళ్ళ వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడే ఒక షరతు పెట్టారు. "బ్రష్ ఎలా పట్టుకోవాలో మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, మావాళ్ళు అరవై డెబ్బై ఏళ్ళ నుంచీ పళ్ళు తోముకుంటూనే ఉన్నారు" అన్నారు. సరేనన్నాను. కాబట్టి తోముకున్నా పోనిదాని గురించే మాట్లాడతాను. అదే గార.

క్లీనింగ్ చేయించుకోండి అని ఎవరితో అన్నా ముందు వచ్చే మాట ఒకటే. "చేయిస్తే పళ్ళు వదులైపోతాయంట కదండీ!" టీచర్లు అడుగుతారు, రైతులు అడుగుతారు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు కూడా అమ్మమ్మ చెప్పిందని అడుగుతారు. వెంటనే ఒక సాక్ష్యం కూడా చూపిస్తారు. "మా తోడికోడలు చేయించుకుంది, నెల తిరక్కుండానే కింది పళ్ళు ఊగడం మొదలెట్టాయి." ఇది వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేసే డాక్టర్లున్నారు. నేనలా అనను. ఆవిడ పళ్ళు ఊగిన మాట నిజమే అయ్యుంటుంది. నేరం ఎవరి మీద మోపారన్నదే తేడా.

మీరంతా ఒకసారి నాలుక కొనతో కింది ముందు పళ్ళ లోపలి వైపు తడిమి చూడండి. నున్నగా ఉందా, గరుకుగా ఉందా? చాలామందికి అక్కడే గరుకుగా తగులుతుంది. కారణం ఉంది. నాలుక కింద ఉండే లాలాజల గ్రంథుల నాళాలు సరిగ్గా ఆ పళ్ళ వెనకే తెరుచుకుంటాయి. మరో నాళం పై దవడలో, బుగ్గ వైపు, నమిలే పళ్ళ దగ్గర తెరుచుకుంటుంది. గార ఎక్కువగా పట్టేది ఈ రెండు చోట్లే.

పొద్దున్నే తోముకున్న కొన్ని గంటల్లోనే పంటి మీద మళ్ళీ పాచి పడుతుంది. కంటికి ఆనదు గానీ అందులో ఎక్కువ భాగం బాక్టీరియానే. అది మెత్తగా ఉన్నంతసేపూ బ్రష్‌కి వస్తుంది. బ్రష్ తగలని మూలల్లో ఉండిపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి చేరతాయి. ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలై, రెండు వారాలు తిరిగేసరికి రాయి అవుతుంది. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే పొర లాంటిదే ఇది కూడా. ఇక ఆ తర్వాత ఎంత ఖరీదు పేస్టు వాడినా, వేపపుల్ల నమిలినా, ఉప్పూ బొగ్గూ కలిపి రుద్దినా అది రాదు. గట్టిగా రుద్దితే పోయేది పంటి పైపొర, చిగురు. గార అలాగే ఉంటుంది.

నిజానికి ఆ రాయి వల్ల జరిగే హాని తక్కువే. దాని గరుకు ఒంటి మీద కొత్త పాచి తేలిగ్గా నిలుస్తుంది, ఆ పాచిలోని బాక్టీరియాతో చిగురు రోజూ పోరాడుతూ ఉంటుంది. చిగురు ఎర్రబడి, ఉబ్బి, తోముకునేటప్పుడు రక్తం వచ్చేది అందుకే. నొప్పి ఉండదు, చిక్కంతా అక్కడే. పన్ను సలిపితే అర్ధరాత్రయినా డాక్టరు దగ్గరికి పరిగెడతాం. చిగురులోంచి రక్తం వస్తే బ్రష్ మారుస్తాం, లేదా ఆ వైపు తోమడం మానేస్తాం. కొందరిలో ఈ వాపు పంటి వేరు వెంట కిందికి దిగుతుంది. చిగురు కింద నల్లటి గార పడుతుంది, అది పైదానికంటే మొండిది. పన్నుని పట్టి ఉంచే ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

ఇప్పుడు ఆ తోడికోడలి కథ చూద్దాం. ఎముక ఏళ్ళ తరబడి కరుగుతూ వచ్చింది. పళ్ళ మధ్య సందుల్లో గార పేరుకుని పక్కపక్క పళ్ళని కలిపి బిగించేసింది. అంటే పళ్ళని పట్టుకుని ఉన్నది ఎముక కాదు, గార. దాన్ని తీయగానే అసలు సంగతి బయటపడింది. ఉబ్బిన చిగురు తగ్గి మామూలు స్థితికి వచ్చేసరికి సందులు కనిపించాయి, వేరు బయటపడి చన్నీళ్ళు జివ్వుమన్నాయి. ఈ జివ్వుమనడం చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. అదే క్లీనింగ్ ఆవిడ పదేళ్ళ ముందు చేయించుకుని ఉంటే ఊగడానికి కారణమే ఉండేది కాదు.

మెషీన్‌తో అరగదీస్తారన్న భయం కూడా ఉంది. ఆ పరికరం చివర ఉండేది తిరిగే బిట్ కాదు, సన్నటి లోహపు ముక్క. సెకనుకు పాతిక వేలసార్లకు పైగా కంపిస్తుంది, అయితే అది కదిలే దూరం మిల్లీమీటరులో చిన్న భాగమే. ఆ అదురుకి గార పెచ్చులుగా ఊడుతుంది. వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతూ ఉంటాయి, నోరు నిండిపోతోందని మీరు చెయ్యెత్తేది ఆ నీళ్ళకే. చేతకాని చేతిలో, మొనని పంటికి నిలువుగా పెట్టి పవర్ పెంచేస్తే గీతలు పడతాయి, అది ఒప్పుకోవాలి. అందుకే డిగ్రీ ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. ఆన్‌లైన్‌లో మూడొందలకి దొరికే స్టీలు కొక్కేలు కొనుక్కుని అద్దం ముందు నిలబడకండి.

చిగుళ్ళని వాటి మానాన వదిలేస్తే ఏమవుతుందో చెప్పే రెండు పాత పరిశోధనలున్నాయి. హెరాల్డ్ లో అనే శాస్త్రవేత్త డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవద్దన్నాడు. ఎక్కువమంది విద్యార్థులే. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. ఇది 1965లో అచ్చయింది. చిగుళ్ళ జబ్బు వయసుతో వచ్చేది కాదని, పాచితో వచ్చేదని దాంతో తేలిపోయింది.

రెండోది మనకి దగ్గరి కథ. అదే బృందం 1970 నుంచి 1985 దాకా శ్రీలంక టీ తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీలని గమనించింది. వాళ్ళకి బ్రష్ అలవాటు లేదు, దంత వైద్యమూ అందలేదు. ఆశ్చర్యం ఏమిటంటే పుచ్చు పళ్ళు దాదాపు లేవు. చిగుళ్ళ వాపు మాత్రం అందరికీ ఉంది. నూటికి 8 మందిలో జబ్బు వేగంగా ముదిరి, 45 ఏళ్ళు వచ్చేసరికి పళ్ళన్నీ పోయాయి. నూటికి 81 మందిలో మధ్యస్థంగా నడిచింది. మిగిలిన 11 మందికి అంత గార ఉన్నా చిగురు వాపు దాటి ముందుకి పోలేదు. "మా తాత జన్మలో డాక్టరు మొహం చూడలేదు, తొంభై ఏళ్ళకీ చెరుకు నమిలేవాడు" అని మీలో ఎవరైనా అంటే నేను నమ్ముతాను. ఆయన ఆ పదకొండు మందిలో ఒకడు. మీరు ఏ గుంపులో ఉన్నారో మీ తాతని చూసి చెప్పలేం, మీ చిగుళ్ళు కొలిచి చెప్పాలి.

వీటికి ఎదురుగా స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ ఉంది. 1972లో అక్కడ 375 మందికి రెండు మూడు నెలలకోసారి క్లీనింగ్ చేయడం, ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలో ప్రతిసారీ మళ్ళీ నేర్పడం మొదలుపెట్టారు. ఇవేవీ మొదలుపెట్టకుండా పోలికకి పెట్టుకున్న రెండో గుంపు పరిస్థితి ఎంత దిగజారిందంటే ఆరేళ్ళకే ఆ పోలిక ఆపేశారు. మొదటి గుంపులో 30 ఏళ్ళలో మనిషికి సగటున రెండు పళ్ళు కూడా పోలేదు, పోయినవాటిలో ఎక్కువ వేరు విరిగి పోయినవే. అక్కడ పళ్ళని కాపాడింది క్లీనింగ్ ఒక్కటే కాదు. నేర్పిన పాఠం కూడా. ఏడాదికోసారి గార తీయించుకుని, మిగతా రోజులు రాత్రి తోమకుండా పడుకునేవాళ్ళకి నేను చేసే పని రెండు వారాలకి మించి నిలవదు.

మరి ఆరు నెలలకోసారి అంటారే, అది ఎక్కణ్ణించి వచ్చింది? ఖచ్చితంగా ఆరు నెలలే అని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. పరీక్షలకి క్రమంగా వెళ్తూ, ముదిరిన చిగుళ్ళ జబ్బు లేనివాళ్ళ మీద జరిగిన అధ్యయనాలని, వైద్య పరిశోధనలని బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2018లో సమీక్షించింది. ఆరు నెలలకోసారి క్లీనింగ్ చేసినా, ముందే వేళ పెట్టుకోకపోయినా రెండు మూడేళ్ళలో చిగుళ్ళ వాపులో పెద్ద తేడా రాలేదు. గార మాత్రం కొంచెం తగ్గింది. నా వృత్తికి ఇబ్బందికరమైన మాటే గానీ చెప్పాలి. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళకి దంత పరీక్షల మధ్య గడువు మనిషిని బట్టి 3 నెలల నుంచి 24 నెలల దాకా పెట్టుకోవచ్చంటారు. నేను కూడా అందరికీ ఒకే తేదీ రాసివ్వను. అయితే ఆ అధ్యయనాల్లో ఉన్నది ఏటేటా డాక్టరు దగ్గరికి వెళ్ళే జనం. ఈ హాల్లో అసలు ఒక్కసారీ చిగుళ్ళు చూపించుకోనివాళ్ళు ఎంతమందో చేతులెత్తమంటే, ఆ ఫలితం మనకి వర్తించదని మీకే తెలుస్తుంది.

గడువు తేల్చేది ప్రోబ్. చివర అర మిల్లీమీటరు గుండు, పైన నల్లటి పట్టీ ఉండే సన్నటి పుల్ల. దాన్ని చిగురుకీ పంటికీ మధ్య నెమ్మదిగా దించి లోతు కొలుస్తాం. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలు. నాలుగు దాటితే అక్కడికి మీ బ్రష్ చేరదు, మేం చేరాలి. బీపీ, షుగర్ అంకెలు అడిగినట్టే "నా చిగుళ్ళ లోతెంత?" అని డాక్టరుని అడగండి. ఆ కొలత తీసుకోకుండా గబగబా పైపైన తోమి, మెరిపించి పంపితే సగం పని మిగిలిపోయినట్టే.

షుగర్ అన్నాను కాబట్టి, ఇక్కడున్నవాళ్ళకి ఇది ముఖ్యం. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్ళకి వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె, సగటున 0.4 దాకా తగ్గుతున్నట్టు అధ్యయనాల్లో తేలింది. మాత్రలు మానేయడానికి ఇది చాలదు. కానీ ఏడున్నర దగ్గర ఆగిపోయినవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

పొగతాగేవాళ్ళకి ఒక హెచ్చరిక. పొగ వల్ల చిగుళ్ళలో రక్తం కారడం తక్కువగా కనిపిస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి బాగానే ఉన్నట్టు ఉంటుంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. వాళ్ళని క్లీనింగ్ పేరు చెప్పయినా తీసుకురండి. కుర్చీలో పడుకోబెట్టి లైటు వేస్తే అంగిలి మీద తెల్లమచ్చలు, మానని పుళ్ళు ఉంటే కనిపిస్తాయి. వాటిని తొందరగా చూడటం ఏ గారకన్నా ముఖ్యం.

ఇక తెలుపు సంగతి. క్లీనింగ్ చేస్తే పాన్ మరక, టీ మరక పోతాయి. పంటి సహజమైన రంగు మారదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ గోధుమరంగు మచ్చలు పన్ను తయారయ్యేటప్పుడే పైపొరలో కలిసిపోయినవి, గీకితే పోవు. వాటికి వేరే వైద్యం ఉంది. రోడ్డు పక్కన యాసిడ్ రాసి తెల్లగా చేస్తామనేవాళ్ళ దగ్గర మాత్రం నోరు తెరవకండి.

కుర్చీలో కూర్చునే ముందు మీరు చెప్పాల్సినవి కొన్నున్నాయి. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. గుండె వాల్వు మార్చుకున్నవాళ్ళు, ఇంతకుముందు గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు తప్పకుండా చెప్పాలి, ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. పేస్‌మేకర్ ఉంటే మేం వాడే మెషీన్ రకం చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో రావద్దు, టిఫిను తిని, మాత్ర వేసుకుని రండి. గర్భంతో ఉన్న కోడళ్ళూ కూతుళ్ళూ ఉంటే క్లీనింగ్ వద్దని ఆపకండి, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కూర్చోవడానికి వీలుగా ఉంటుంది.

ఖర్చు ఎక్కువనిపిస్తే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. అక్కడ కాస్త క్యూలో నిలబడాలి, పని మాత్రం పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్ళ ముందే చేస్తారు.

ఇక మీరు అడగండి. మైకు ముందు ఆ వెనక వరసకి ఇవ్వండి.